ఉప్పులో దాచిన పుస్తకం

ఇటు తిరిగి పడుకో. ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి, తెలిసిందా? నువ్వు ఊఁ ఆపావంటే నేను కథ ఆపేస్తాను. ఆ తర్వాత మూతి ముడుచుకుని కూర్చుంటే నాకు సంబంధం లేదు.

అనగనగా సముద్రం పక్కన, ఉప్పు మళ్ళ మధ్యన, చవిటిపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో నేల ఉప్పన. గాలి ఉప్పన. బావుల్లో నీళ్ళు కూడా ఉప్పనే. అక్కడ వరి పండదు, కంది పండదు. ఉప్పు పండుతుంది.

ఉప్పెలా పండుతుందీ అంటావేమో. సముద్రం నీళ్ళని కాలవ తీసి మళ్ళలోకి పెడతారు. ఎండకి నీళ్ళు ఇగిరిపోతాయి. అప్పుడు అడుగున తెల్లగా ఉప్పు కడుతుంది. పొడుగాటి కర్రకి పలక బిగించిన పారతో దాన్ని గట్టు మీదికి లాగి, రాశి పోస్తారు. ఎంత ఎండ కాస్తే అంత ఉప్పు. అందుకని నీకు వేసవి సెలవులంటే మామిడిపళ్ళూ, ఆటలూనూ. వాళ్ళకి మాత్రం అప్పుడే ఒళ్ళు విరిగే పని.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది. కాకపోతే నీలాగా అన్నం దగ్గర వంకలు పెట్టదు. వాళ్ళమ్మ పేరు అప్పలకొండ, నాయనమ్మ పేరు పైడమ్మ. వేసవి రాగానే ఆ ముగ్గురూ ఊళ్ళో ఇంటికి గొళ్ళెం పెట్టి, మళ్ళ గట్టు మీద తాటాకు పాక వేసుకుని, అక్కడే ఉండి ఉప్పు లాగేవాళ్ళు.

ఇప్పుడు బడి సంగతి విను. చవిటిపాలెం బళ్ళో ఒక ఇనప బీరువా ఉంది. దాని నిండా కథల పుస్తకాలు. కానీ ఏం లాభం? తాళంచెవి పెద్ద మాస్టారు కామేశ్వర్రావుగారి చొక్కా లోపలి జేబులో ఉంటుంది. అది బయటికి రాదు. ఆయనేం చెడ్డవాడు కాదమ్మా. ఎప్పుడో ఒకసారి ఒక పుస్తకం పోతే పైవాళ్ళు వచ్చి ఆయన్ని అందరి ముందూ నానా మాటలూ అన్నారు. అప్పట్నుంచీ ఆ బీరువా అంటేనే ఆయనకి భయం. ఏడాదికోసారి తలుపు తీసి దుమ్ము దులిపి మళ్ళీ మూసేసేవారు.

అలా ఉండగా హైమ టీచరని ఒకావిడ ఆ బడికి కొత్తగా వచ్చింది. ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. సెలవులకి ముందు గడగడా చదివిన పిల్లలు, సెలవులయ్యాక అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నారు. ఏడాదంతా నేర్పింది ఎండల్లో ఇగిరిపోతోంది. అప్పుడామె పెద్ద మాస్టారి వెంటపడింది. "ఈ సెలవులకి పిల్లకో పుస్తకం ఇచ్చి పంపుదామండీ" అంది. ఆయన ససేమిరా అన్నారు. ఆవిడ వదల్లేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆఖరికి ఆయన సరే అన్నారు. కానీ సెలవులిచ్చే రోజున పిల్లల్నీ, వాళ్ళ పెద్దవాళ్ళనీ వరండాలో కూర్చోబెట్టి, వేలు చూపించి మరీ చెప్పారు. "ఒక్క పుస్తకం పోయినా, ఒక్క పుస్తకం పాడైనా, ఈ బీరువాకి తాళం వేసి తాళంచెవి పైవాళ్ళకి అప్పజెప్పేస్తాను. ఇక ఈ ఊళ్ళో పిల్లలెవరికీ కథల పుస్తకమన్న మాటే ఉండదు. తర్వాత నన్నని లాభం లేదు."

అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. అప్పుడు హైమ టీచరు ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం చేతిలో పెట్టింది. నూకరత్నానికి గున్న ఏనుగు పుస్తకం వచ్చింది. అట్ట మీద ఏనుగు పిల్ల బొమ్మ. నూకరత్నం దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎంత ముచ్చటేసిందో, అంత భయమూ వేసింది. నావల్ల బీరువా మూతబడితే? ఊళ్ళో పిల్లలందరూ నన్నే కదా తిడతారు? టీచరమ్మ మొహం ఎలా చూడను?

ఆ భయాన్ని మూటగట్టుకునే ఆ పిల్ల మళ్ళ దగ్గరికి వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం ఉప్పు మళ్ళలో నిలబడలేరు. తెల్లటి ఉప్పు మీద ఎండ పడి కళ్ళు మిరుమిట్లు గొడతాయి. అప్పుడు అందరూ పాకల నీడకి చేరి గంజి తాగుతారు. ఆ వేళప్పుడు నూకరత్నం చేతులు శుభ్రంగా కడుక్కుని, పావడాకి తుడుచుకుని, పుస్తకం తీసి చదువుకునేది. పెద్దగా చదివితే గానీ ఆ పిల్లకి బుర్రకెక్కదు. అందుకని పక్కన కూర్చున్నవాళ్ళందరికీ వినపడేది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత వాళ్ళమ్మ గంజి గిన్నె పక్కన పెట్టి వినడం మొదలెట్టింది. ఆ తర్వాత పక్క పాకవాళ్ళు జరిగి కూర్చున్నారు. ఆ తర్వాత చూడు, ఉప్పు లాగేవాళ్ళందరూ నూకరత్నం చుట్టూ చేరిపోయారు.

కథేంటంటే, ఒక గున్న ఏనుగు మందలోంచి తప్పిపోయింది. వాళ్ళమ్మని వెతుక్కుంటూ పోతోంది. ఎండిపోయిన వాగు దాటింది. చెరుకు తోట కాపలావాళ్ళు తరిమితే పరిగెత్తింది. గోతిలో పడి ఎలాగో పైకొచ్చింది. నూకరత్నం నెమ్మదిగా చదివేది, రోజుకి కాస్త. "అయ్యో, దాని తల్లి ఏదే? దొరుకుద్దా దొరకదా?" అని పైడమ్మ నాయనమ్మ రోజూ సతాయించేది. "ఉండు మామ్మా, నాకేటి తెలుసు, ఇంకా చదవలేదు కదా" అనేది ఈ పిల్ల. అందరికంటే ఎక్కువ ఆత్రం ఆ ముసలావిడదే.

అలా చదువుతూ చదువుతూ కథ ఆఖరికొచ్చింది. గున్న ఏనుగు ఒక పెద్ద ఏటి ఒడ్డుకి చేరింది. తడి ఇసకలో మంద అడుగులు కనిపించాయి. అడుగులన్నీ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. అవతల ఒడ్డున ఏమీ కనపడటం లేదు. నూకరత్నం కాయితం తిప్పబోయింది.

సరిగ్గా అప్పుడు ఆకాశం నల్లబడింది.

ఏంటి, లేచి కూర్చున్నావ్? పడుకో ముందు. పడుకుంటేనే చెప్తాను.

ఆకాశం నల్లబడగానే గట్టు మీద కేకలు లేచాయి. గాలివాన! ఎర్రటి దుమ్ము, దాని వెనకే చినుకులు. ఉప్పు రాశుల మీద వాన పడిందంటే అన్నాళ్ళ కష్టం కళ్ళ ముందే కరిగిపోతుంది. అందరూ తాటాకులు పట్టుకుని రాశుల మీదికి పరిగెత్తారు. "నూకీ, ఈ ఆకు పట్టుకోవే! వదలకు!" అని వాళ్ళమ్మ అరిచింది. నూకరత్నం పుస్తకాన్ని పాకలోకి విసిరి పరిగెత్తింది.

ఆకు పట్టుకుంది సరే. కళ్ళేమో పాక మీదే ఉన్నాయి. గాలికి పాక కప్పు లేస్తోంది, పడుతోంది. లేస్తోంది, పడుతోంది. చూస్తుండగానే ఒక పక్క కప్పు ఊడి ఎగిరిపోయింది. పాక లోపల ధారగా వాన. నూకరత్నానికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆకు వదిలితే అమ్మ కష్టం పోతుంది. వదలకపోతే పుస్తకం పోతుంది. ఏడుస్తూనే ఆకు పట్టుకుని నిలబడింది పాపం.

వాన వెలిసింది. అప్పుడు పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, పుస్తకం ఎక్కడా లేదు! మంచం కింద లేదు, మూటల్లో లేదు. నూకరత్నం బావురుమంది. అప్పుడు పైడమ్మ నవ్వుతూ అన్నం కుండ మూత తీసింది. లోపల ఏముందనుకున్నావ్? పుస్తకమే. పొడిగా, చెక్కు చెదరకుండా ఉంది. వాన మొదలవగానే ముసలావిడ దాన్ని కుండలో పెట్టి, మూతేసి, కుండ మీద తను బోర్లా పడుకుంది.

"నానుండగా నీ పుస్తకానికి ఏటవుద్దే?" అంది పైడమ్మ. నూకరత్నం నాయనమ్మని గట్టిగా వాటేసుకుంది. కానీ పాక కప్పు ఎగిరిపోయింది కదా, అది మళ్ళీ కప్పుకోవడంతోనే సరిపోయింది. చదవడం కుదర్లేదు. ఆ తర్వాత పుస్తకం సంచిలో పెట్టి, సంచిని పాక మధ్యనుండే గుంజకి, అదే నిట్రాటకి, తగిలించింది.

వాన పడ్డాక నేల చెమ్మగిల్లింది. చెమ్మ ఉంటే ఏమొస్తాయి? చెదలు! తెల్లారి లేచి చూస్తే నిట్రాట పొడుగునా మట్టి గీత. కింద నుంచి పాకుతూ పాకుతూ సంచి పట్టీ దాకా వచ్చేసింది. ఇంకొక్క వేలెడు దూరంలో పుస్తకం. నూకరత్నం కెవ్వున అరిచి సంచి లాగేసింది. పుస్తకం దులిపింది, కాయితాలు విదిలించింది. ఇంకా ఏమీ కాలేదు.

వాళ్ళమ్మ నిట్రాటకి సున్నం పూసింది. అయినా చెదలు ఇంకో గుంజ ఎక్కాయి. పైడమ్మ అదంతా చూస్తూ కూర్చుంది. ఏదో ఆలోచిస్తోంది.

మళ్ళ దగ్గర తాగే నీళ్ళుండవు కదా. నూకరత్నమూ, వాళ్ళమ్మా బిందెలు తీసుకుని ఊళ్ళో కుళాయి నీళ్ళకి వెళ్ళారు. "మామ్మా, పుస్తకం జాగర్త" అని చెప్పే వెళ్ళింది ఆ పిల్ల. ఎవరిని నమ్మాలో వాళ్ళనే నమ్మింది. తప్పేం లేదు.

అప్పుడు పైడమ్మ ఏం చేసిందో తెలుసా? ఆవిడ పుట్టింది ఉప్పులో, పెరిగింది ఉప్పులో. ఏదైనా పాడవకుండా ఉండాలంటే ఉప్పులో పెట్టాలి, అంతే ఆవిడకి తెలిసింది. చేప పాడవకూడదా, ఉప్పులో పెట్టు. మామిడికాయ పాడవకూడదా, ఉప్పులో పెట్టు. నిమ్మకాయైనా అంతే. ఉప్పు రాశిలోకి చెదపురుగు రాదు. ఇక పుస్తకానికి మాత్రం ఇంతకంటే భద్రమైన చోటేముంది? పాత చీర ముక్కలో పుస్తకాన్ని చుట్టింది. గట్టు చివరనున్న రాశి దగ్గరికి వెళ్ళి, అడుగు వైపు తాటాకు ఎత్తి, మోచేతి లోతున ఉప్పులో పూడ్చిపెట్టింది. పైన చదును చేసి, చేతులు దులుపుకుని వచ్చి హాయిగా కూర్చుంది. పిచ్చిది కాదే, ప్రేమతోనే చేసింది.

నూకరత్నం తిరిగొచ్చింది. రాగానే "పుస్తకమేదీ?" అని అడిగింది. "చెప్పను ఫో. భద్రంగా ఉంది. బడి తెరిచే ముందు తీసిస్తాను" అంది పైడమ్మ. ఎంత బతిమాలినా చెప్పలేదు. మొండిది. "అన్నం కుండలో కాపాడానా లేదా? మరి నా మీద నమ్మకం లేదేటే?" అనేది. ఆ మాటకి ఈ పిల్ల నోరు మూతపడేది. అలా రోజులు గడిచాయి. మధ్యాహ్నం పూట అందరూ కథ అడిగేవారు. నాయనమ్మ పుస్తకం తీసివ్వడం లేదని ఈ పిల్ల చెప్పేది.

ఇంక బడి తెరుస్తారనగా ఒక పొద్దున్న ఉప్పు తీసుకుపోవడానికి లారీ వచ్చింది. వచ్చి ఎక్కడ ఆగింది? గట్టు చివరి రాశి దగ్గర! కూలీలు దిగారు. తాటాకులు లాగేశారు. పారలతో తోడి గోతాల్లోకి ఎత్తడం మొదలెట్టారు.

పైడమ్మ పాక ముందు కూర్చుని అది చూసింది. చూసి లేచి నిలబడింది. "ఒలే నూకీ, ఆ రాశిలోనే పెట్టానే నీ పుస్తకం" అంది.

నూకరత్నం ఒకే పరుగు. గట్టు సన్నంగా ఉంటుంది, ఇటు మడి, అటు మడి. జారి ఒక మడిలో పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఉప్పు నీళ్ళు తగిలి భగ్గున మండింది. అయినా లేచి పరిగెత్తింది. "ఆపండి! ఆపండి బాబూ!" అని అరుస్తూనే ఉంది. గాలికి వాళ్ళకి వినపడ్డం లేదు. రాశి సగానికి సగం అయిపోయింది. గోతాలు కుట్టేసి లారీ ఎక్కించేస్తున్నారు.

ఆ పిల్ల పారల మధ్యలోకి దూకేసింది. మేస్త్రి "నీకేమన్నా పిచ్చా!" అని గసిరాడు. నూకరత్నం వినిపించుకోలేదు. చేతులతో ఉప్పు తవ్వుతోంది, తవ్వుతోంది. గోళ్ళు పగిలాయి. ఇక్కడ లేదు. అక్కడ లేదు. గోతాంలోకి వెళ్ళిపోయిందా? లారీ ఎక్కిపోయిందా? ఇంతలో వేలికి చీర ముక్క తగిలింది.

దొరికింది! నూకరత్నం మూటని గుండెకి హత్తుకుంది. కానీ మూట బరువుగా ఉంది. తడిగా ఉంది. విప్పి చూసింది.

ఏముంది? వాన నీరు రాశి అడుగుకి దిగి, ఆ చెమ్మంతా ఉప్పు పట్టి ఉంచింది. ఉప్పనేది చేపలోంచి నీరు లాగుతుంది కదా, కాయితానికి మాత్రం నీరు తెచ్చిపెట్టింది. అట్ట ఉబ్బిపోయింది. ఏనుగు బొమ్మ రంగు కారిపోయింది. కాయితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నూకరత్నం ఏడవలేదు. ఏడుపు కూడా రాలేదు. అలాగే ఉప్పు మీద కూర్చుండిపోయింది.

ఆ తర్వాత పుస్తకాన్ని ఎండలో పెట్టారు. ఎండింది సరే, అప్పడంలా పెళపెళలాడింది. అంచులెంట ఉప్పు పేరుకుంది. ముందు కాయితాలు మెల్లిగా విడదీయగలిగారు గానీ చివరి కాయితాలు విడిపోలేదు. ఒకటి లాగితే అంచు చిరిగింది. నూకరత్నం భయపడి ఆపేసింది. గున్న ఏనుగుకి వాళ్ళమ్మ దొరికిందో లేదో ఆ అంటుకుపోయిన కాయితాల్లోనే ఉండిపోయింది.

బడి తెరిచే రోజొచ్చింది. "సముద్రం లాక్కుపోయిందని చెప్పేయవే, ఎవడు చూడొచ్చాడు" అంది వాళ్ళమ్మ, కూతురి మొహం చూడలేక. దారిలో సత్తెవేణి కలిసింది. ఆ పిల్ల నూకరత్నం క్లాసే. "అందరివీ పెట్టాక అడుక్కి తోసెయ్, పెద్ద మాస్టారు చూడరు" అంది సత్తెవేణి. పైడమ్మ మాత్రం వెనకాలే నడుచుకుంటూ వస్తోంది. "నువ్వేటీ మాట్టాడకు. తప్పు నాది. నేనే చెప్తాను" అంది.

దొంగతనంగా అడుక్కి తోసేస్తే బీరువా తలుపు తెరిచి ఉంటుందేమో. నిజం చెప్తే ఖాయంగా మూతబడుతుంది.

బళ్ళో టేబుల్ వేసుకుని పెద్ద మాస్టారు కూర్చున్నారు. పక్కన హైమ టీచరు. ఒక్కొక్కరూ వచ్చి పుస్తకం పెడుతున్నారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. ఒక మరక లేదు, ఒక మడత లేదు. "శభాష్" అంటున్నారు. సత్తెవేణి పుస్తకం చూసి "ఇదీ పద్ధతంటే!" అన్నారు. హైమ టీచరు మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసిన కొద్దీ నూకరత్నం వరసలో వెనక్కి వెనక్కి జరుగుతోంది.

ఆఖర్న తన వంతు వచ్చింది. దొంగతనంగా అడుక్కి తోయలేదు. టేబుల్ మధ్యలో, అందరికీ కనపడేట్టు పెట్టింది.

టేబుల్ మీద ఉప్పు రాలింది.

పెద్ద మాస్టారి మొహం మాడిపోయింది. జేబులోంచి తాళంచెవి తీశారు. "చెప్పాను కదా టీచరుగారూ" అన్నారు. హైమ టీచరు ఏదో అనబోయి ఆగిపోయింది. పుస్తకాలిద్దామని పట్టుబట్టింది ఆవిడే కదా మరి.

అప్పుడు పైడమ్మ గుమ్మం లోపలికొచ్చింది. "బాబూ, పిల్లనేం అనకండి. ఉప్పులో పెట్టింది నేను. చెదలు తినేస్తాయని పెట్టాను. నన్నేం చేస్తారో చెయ్యండి, ఆ బీరువాకి మాత్రం తాళం వెయ్యకండి బాబూ" అంది. పెద్ద మాస్టారు తల అడ్డంగా ఊపి, లేచి, బీరువా దగ్గరికి నడిచారు. తలుపు మూశారు. తాళంచెవి దూర్చారు.

"అయ్యగారండీ!" అని నూకరత్నం అరిచింది. ఎలా వచ్చిందో ఆ ధైర్యం. "తాళం వేసే ముందు ఆ చివరి కాయితాలు విప్పి చూస్తారాండీ? నేను విప్పితే చిరిగిపోతోంది. గున్న ఏనుగుకి వాళ్ళమ్మ దొరికిందో లేదో మా మళ్ళకాడ అందరూ అడుగుతున్నారండి."

పెద్ద మాస్టారి చెయ్యి ఆగింది. "అందరూ అంటే?"

"ఉప్పు లాగేవాళ్ళందరూ అండి. నేను చదివితే వినేవాళ్ళండి. గున్న ఏనుగు ఏటి ఒడ్డుకొచ్చేసిందండి. అక్కడ ఆగిపోయిందండి."

హైమ టీచరు నూకరత్నాన్ని చూసింది. ఆ తర్వాత టేబుల్ మీది పుస్తకాలు చూసింది. అన్నీ సెలవులకి ముందు ఇచ్చినట్టే తళతళలాడుతున్నాయి. ఆవిడకేదో అనుమానమొచ్చింది. "సత్తెవేణీ, నీ పుస్తకంలో కథేంటమ్మా?" అని అడిగింది.

సత్తెవేణి నీళ్ళు నమిలింది. "తెలీదండి. మరకయితే బీరువా మూసేస్తారని మా నాన్న ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడండి. ఇవాళే తీశాడు."

ఇంకొకణ్ణి అడిగింది. వాళ్ళమ్మ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఇంటి దూలానికి వేలాడగట్టిందట. ఇంకో పిల్లని అడిగింది. వాళ్ళింట్లో దేవుడి గూట్లో పెట్టి, బొట్టు పెడితే మరకవుతుందని పక్కన పువ్వు మాత్రం పెట్టి, రోజూ దణ్ణం పెట్టుకున్నారట. అందరివీ అంతే. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు పుస్తకం తెరవలేదు. పాపం వాళ్ళని మాత్రం ఏమంటాం? వేలు చూపించి బెదిరించింది ఎవరు?

పెద్ద మాస్టారు బీరువా దగ్గరే నిలబడ్డారు. అప్పుడు పైడమ్మ ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఇన్నేళ్ళూ ఆ తాళంచెవి మీకాడే ఉంది కదా బాబూ. ఆ గున్నకి తల్లి దొరికిందో లేదో మీకు తెలిసే ఉంటాది. చెప్పండి బాబూ."

ఏం చెప్తారు? ఆయన కూడా చదవలేదు.

మెల్లిగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. సన్నటి స్కేలు ఒకటి అడిగి తీసుకున్నారు. పుస్తకాన్ని ముందు పెట్టుకుని, అంటుకుపోయిన కాయితాల మధ్యకి స్కేలు అంచు దూర్చి, ఉప్పు గీకుతూ, ఊదుతూ, వెంట్రుకవాసి చొప్పున జరుపుతున్నారు. పిల్లలందరూ టేబుల్ చుట్టూ మూగారు. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చడం లేదు. ఒక మూల చిరగబోయింది. "అయ్యో!" అన్నారందరూ. ఆయన చెయ్యి ఆపి, చెమట తుడుచుకుని, మళ్ళీ మొదలెట్టారు. ఒక కాయితం విడింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత చివరిది.

"చదవండి బాబూ" అంది పైడమ్మ.

ఆయన పైకే చదివారు. "గున్న ఏనుగు ఏటిలోకి దిగింది. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. అయినా ఈదింది. అవతల ఒడ్డెక్కి చూసింది. మంద ఎప్పుడో వెళ్ళిపోయింది. తల్లి మాత్రం వెళ్ళలేదు."

అంతే ఉంది ఆ కాయితంలో. పెద్ద మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయని హైమ టీచరు మాత్రమే చూసింది.

ఆ తర్వాత ఆయన లేచి, బీరువాకి వేలాడుతున్న తాళంచెవి తీసి, హైమ టీచరు చేతిలో పెట్టారు. తలుపు బార్లా తెరిచారు. టేబుల్ మీది తళతళలాడే పుస్తకాలన్నీ మళ్ళీ పిల్లల వైపు తోశారు. "ఇవి ఇంకా ఎవరూ పట్టుకెళ్ళనట్టే. మళ్ళీ తీసుకెళ్ళండి. ట్రంకు పెట్టెల్లో పెడితే ఊరుకోను. ఈసారి నలిగి రావాలి. గంజి మరకలు పడినా ఏమీ అనను. వచ్చి నాకు కథ చెప్పాలి, అంతే" అన్నారు. పిల్లలు ఒక్కసారిగా గోల గోల చేశారు.

నూకరత్నం ఆ గోలలో నాయనమ్మ కోసం వెనక్కి తిరిగింది. నాయనమ్మ లేదు. గుమ్మంలో లేదు, వరండాలో లేదు. బయటికొచ్చి చూస్తే, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మళ్ళ గట్టు మీద అంత ముసలావిడా పరుగు పరుగున పోతోంది. పాకల దగ్గర నూకరత్నం వాళ్ళమ్మా, ఉప్పు లాగేవాళ్ళూ పారలు పట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నారు. పైడమ్మ దూరం నుంచే చేతులూపుతూ కేకలు పెడుతోంది.

"ఎల్లిపోలేదంట! తల్లి ఎల్లిపోలేదంట! ఒడ్డునే ఉందంట!"

ఇంక చాలు, కళ్ళు మూసుకో.

ఉప్పేమో ఊళ్ళకి చేరె,
గున్నేమో తల్లిని చేరె,
కథేమో కంచికి చేరె,
కునుకేమో కంటికి చేరె.